జీడితోటలో వేరుపురుగు: ఏడాది పని డైరీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక జీడిచెట్టు ఎండిపోతే ముందుగా వినపడే మాట "వయసైపోయింది". ఆ తర్వాతది "తిత్లీ దెబ్బ". 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను మా కొబ్బరినీ జీడినీ పడగొట్టిన మాట నిజమే. వేళ్లు కదిలిన చెట్లు చాలావరకు మళ్లీ కోలుకోలేదు, అదీ నిజమే. కానీ మా తోటలో తుపాను తర్వాత నాటిన అంట్లు కూడా మంచి కాపు మీద ఉండగానే ఆకు పండి నిలువునా ఎండుతున్నాయి. వాటికి వయసూ లేదు, తుపానూ తగల్లేదు. మొదలు దగ్గర బెరడు లేపి చూస్తే అసలు కారణం కనపడుతుంది. లోపలంతా పిప్పి, సొరంగాలు, వేళ్ల దాకా.

కాండం, వేరు తొలిచే పురుగు అని పుస్తకాల్లో ఉంటుంది. మా వైపు వేరుపురుగు అనేస్తాం. జీడికి ఉన్న పురుగులన్నిటిలో చెట్టు ప్రాణం తీసేది ఇదే. టీ దోమ అనేది పేరుకే దోమ, రసం పీల్చే నల్లి జాతి పురుగు. అది చిగుళ్లనూ పూతనూ మాడ్చేస్తుంది, ఆ ఏడాది దిగుబడి పోతుంది, చెట్టు మాత్రం మిగులుతుంది. వేరుపురుగు పడితే చెట్టే పోతుంది. అయినా మందుల ఖర్చంతా టీ దోమకే పెడతాం, ఎందుకంటే అది కంటికి ఎదురుగా, కొమ్మ చివర కనపడుతుంది. ఇది నేలకు ఆనుకుని, రాలిన ఆకుల కింద, చప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది.

ఈ ఏడాది మా తోటలో ప్రతి చెట్టు మొదలునూ వరసగా చూడాలని, పురుగు పట్టినవాటిని చేత్తో బాగుచేయాలని, బాగుపడనివాటిని వేళ్లతో సహా తీసేయాలని పెట్టుకున్నాను. పని జరుగుతున్నకొద్దీ రాసుకున్నది ఇది.

మే ఆఖరు

పిక్కల ఏరుడు అయిపోయింది. 80 కేజీల బస్తాలు పలాస వెళ్లిపోయాయి. తోటలోకి దిగడానికి ఇదే సరైన సమయం. పిక్కలు ఏరేవాళ్లకు అడ్డం కాము, వానలు ఇంకా పడలేదు, కలుపు మోకాలెత్తు పెరగలేదు.

మొదటి పని శుభ్రం చేయడం. జీడి ఆకు తొందరగా కుళ్లదు, చెట్టు కింద మందంగా పేరుకుపోతుంది. మొదలు చుట్టూ ఒక మీటరు మేర ఆ ఆకునంతా పక్కకు లాగి, నేలను తాకే కొమ్మలు కోసేశాం. మనిషి వంగి మొదలు దాకా వెళ్లలేని చెట్టును ఎవరూ పరీక్షించరు. మా తోటలో బాగా దెబ్బతిన్న చెట్లన్నీ అలా గొడుగులా కొమ్మలు కిందికి వాలినవే. పురుగు వాటినే ఎంచుకుందని అనను. వాటి దగ్గరికి ఎవరూ వెళ్లరు కాబట్టి అక్కడ దానికి అడ్డు లేదంతే.

వాననీటికి మట్టి కొట్టుకుపోయి వేళ్లు పైకి తేలిన చెట్లు కూడా ఉన్నాయి. మాది ఇసుక నేల, వాలు వైపు ఇది ఎక్కువ. ఆ వేళ్ల పగుళ్లలో కూడా పురుగు గుడ్లు పెడుతుంది. పరీక్ష అయ్యాక వాటిని మట్టితో కప్పాలి.

జూన్ మొదటి వారం

చెట్లకు నంబర్లు, రంగు గుర్తులు. తెల్ల చుక్క అంటే బాగున్న చెట్టు. పసుపు అంటే రంధ్రమో బంకో పొట్టో కనపడింది, కానీ పైన ఆకు పచ్చగా ఉంది. ఎరుపు అంటే మొదలు చుట్టుకొలతలో సగానికి పైగా బెరడు పోయింది, లేదా ఆకు పసుపు తిరిగి రాలుతోంది.

ఈ సగం అనే హద్దు నా సొంతం కాదు. కర్ణాటకలోని పుత్తూరు జీడిమామిడి పరిశోధన డైరెక్టరేట్ వాళ్లు చెప్పేదే. బెరడు సగానికి మించి పోయినా, పైన ఆకు పచ్చదనం తగ్గినా ఆ చెట్టుకు చికిత్స దండగ, తీసేయాలి. కారణం సులభంగానే అర్థమవుతుంది. పురుగు తినేది బెరడు కింద ఉన్న మెత్తటి పొర. ఆకు చేసిన ఆహారం వేరుకు దిగేదీ, వేరు తీసిన నీరు పైకెక్కేదీ ఆ చుట్టుపక్కల నుంచే. సొరంగాలు వంకరటింకరగా తిరిగి మొదలు చుట్టూ కలుసుకుంటే చెట్టు మెడకు ఉరి పడ్డట్టే. ఆకు పండటం అనేది ఆ ఉరి బిగిశాక కనపడే లక్షణం. దాన్ని చూసి మందు వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే.

అందుకే చూడాల్సింది పైకి కాదు, కిందికి. మొదట్లో కనపడేది చాలా చిన్న రంధ్రం, దాని నోట్లో సన్నటి పొట్టు, పక్కనే లేత బంక. ఎర్రమట్టి అంటుకున్న బంకను మట్టిపెళ్ల అనుకుని దాటిపోవడం తేలిక. వేలితో గీకి చూడాలి. పురుగు పెరిగేకొద్దీ పొట్టు ముతకవుతుంది, నారలు నారలుగా, విసర్జనతో కలిసి తడిగా మొదలు దగ్గర కుప్పపడుతుంది. అది తాజాగా, తడిగా ఉందంటే లోపల పురుగు ఉన్నట్టు. ఎండి రాలిపోతుంటే పాతది.

రెండు వేరే సంగతులతో దీన్ని కలిపేసుకోకూడదు. చెదలైతే బెరడు మీద మట్టి పూత కడతాయి, బంక రాదు, ఎక్కువగా చచ్చిన బెరడునే తింటాయి. బెరడు తినే గొంగళి రకమైతే కొమ్మల పంగల్లో ఉంటుంది, పొట్టును పట్టుదారంతో అల్లి బెరడు మీద పట్టీలా పరుస్తుంది. మొదలు దగ్గర బంకా పొట్టూ కలిసి కనపడితే మాత్రం అనుమానం అక్కర్లేదు.

జూన్ మూడో వారం: మొదటి చెట్టు విప్పడం

పసుపు చుక్కల్లో ఒకదానితో మొదలుపెట్టాం. మా పెదనాన్న కొబ్బరిలో కొమ్ముపురుగును కొక్కెంతో లాగడంలో చెయ్యితిరిగిన మనిషి. అదే కొక్కెం పట్టుకొచ్చారు. నా దగ్గర సన్నటిదొకటి, వెడల్పుదొకటి ఉలులు, సుత్తి, సైకిల్ చువ్వ.

రంధ్రం నేలకు జానెడు ఎత్తులో ఉంది. దాని చుట్టూ బెరడును ఉలితో తట్టితే బాగున్న చోట గట్టిగా మోగింది, ఒక పక్క బోలుగా పలికింది. ఆ బోలు పక్కనే లేపాం. బెరడు కింద ముదురు గోధుమరంగు పిప్పి కూరి కూరి ఉంది, తీస్తే పుల్లటి వాసన. సొరంగం ముందు పైకి పోయి, మళ్లీ వంపు తిరిగి వేరు వైపు దిగింది. పిప్పి పొడిగా ఉన్న దారిని వదిలేసి తడిగా ఉన్న దారి పట్టుకోవాలని పెదనాన్న చెప్పారు. "అది తిన్న దారి కాదురా, తింటున్న దారి చూడు" అన్నారు. నాలుగు వేళ్ల లోతు మట్టి తీసి వేరు మొదలు బయటపెట్టాక అక్కడ దొరికింది.

తెల్లటి పురుగు, మీగడ రంగు. తల దగ్గర వెడల్పు, తోక వైపు సన్నం, ఒంటి నిండా మడతలు. తల ముదురు గోధుమ, దవడలు నల్లగా, గట్టిగా. పెంటకుప్పలో దొరికే కొమ్ముపురుగు పిల్లలా ముడుచుకుని ఉండదు, నిటారుగా ఉంటుంది, కాళ్లు దాదాపు లేనట్టే. ఉలి అంచుకు దవడలు ఆనించి కొరికింది. ఇంకా సగమే పెరిగినట్టుంది. పూర్తిగా పెరిగితే 7, 8 సెంటీమీటర్ల దాకా వస్తుంది. ఒక చెట్టులో ఒకటి దొరికిందని ఆగకూడదు. ఈ చెట్టులోనే అవతలి పక్క మరో సొరంగంలో ఇంకొకటి ఉంది, దాని రంధ్రం ఆకుల కింద మట్టిలో కలిసిపోయింది.

ఉలి పని గురించి ఒక మాట. పురుగును వెతుకుతూ బతికున్న బెరడును ఎడాపెడా చెక్కేస్తే మనమే పురుగు పని పూర్తి చేసినవాళ్లమవుతాం. లోపలి బెరడు ఎర్రగా, తడిగా ఉంటే అది బతికున్నది, దాని జోలికి పోకూడదు. నల్లబడి, పిప్పి పట్టినది మాత్రమే తీయాలి. గాయాన్ని నిలువుగానే పెంచాలి, చుట్టూ అడ్డంగా పెంచకూడదు. అంచులు నున్నగా కోస్తే తర్వాత అక్కడి నుంచే కొత్త బెరడు కమ్ముకొస్తుంది.

జూలై: మందు సంగతి

ఊళ్లో ఒక మందుల షాపులో అడిగితే, వేరు కోసి దాని చివరను బాగా ఘాటైన విషం నింపిన కవరులో ముంచి కట్టమన్నారు. చెట్టే పీల్చుకుని పురుగును చంపేస్తుందట. ఆ సలహా నేను తీసుకోలేదు. నీరు ఎక్కే దారినే పురుగు కోసేసినప్పుడు ఆ మందు కావలసిన చోటికి ఎలా చేరుతుంది? పైగా మనం అమ్మేది తిండి వస్తువు. జీడితోటలు, పురుగుమందులు అనగానే కేరళలోని కాసరగోడు గుర్తురాక మానదు. అక్కడ టీ దోమ కోసం ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ ఊళ్లు పడ్డ బాధ దేశమంతా చూసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపేసింది. తోటలో మందు వాడేటప్పుడు ఎంత అవసరమో అంతే, ఎక్కడ అవసరమో అక్కడే వాడాలన్నది నాకు పట్టుదల.

కాబట్టి మా పద్ధతి ఇది. పురుగు పట్టిన చెట్టుకు ముందు చేత్తో పురుగును తీయడం, పిప్పి అంతా గీకి శుభ్రం చేయడం. ఆ తర్వాత గాయం మీదా, మొదలు మీదా, బయటపడిన వేరు మీదా క్లోరిపైరిఫాస్ 20 ఈసీ మందు లీటరు నీటికి 10 మిల్లీలీటర్లు కలిపి బ్రష్‌తో పూయడం. పిచికారీ చేయం, పూయడమే. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు, మందు కలిపే బకెట్టు దానికే ప్రత్యేకం. పూసిన చెట్ల కిందికి మేకలను తోలవద్దని కాపరికి చెప్పి, గుర్తుగా గుడ్డ కట్టాం.

పురుగు పట్టని చెట్లకు వేపనూనె. లీటరు నీటికి 50 మిల్లీలీటర్లు, నీటిలో కలవడానికి కాస్త సబ్బుపొడి. నేల నుంచి మీటరు ఎత్తు దాకా, తేలిన వేళ్లతో సహా పూయాలి. మీటరే ఎందుకంటే తల్లి పురుగు గుడ్లు పెట్టే చోటు సుమారుగా అంతవరకే. ఇంకా పైకి పూసుకుంటూ పోతే నూనె దండగ.

తారు, కిరసనాయిలు 1:2 పాళ్లలో కలిపి పూయడం పాత సిఫారసు. పెదనాన్న తరం అదే చేసింది. కిరసనాయిలు దొరకడమే కష్టమైపోయింది కాబట్టి నేను వేపనూనెతోనే సరిపెట్టాను.

మందు గురించి ఇంత రాశాను కానీ పనిచేసేది ఉలే. పురుగును లోపలే వదిలేసి పైన ఎంత పూసినా సొరంగమంతా పిప్పి కూరి ఉంటుంది, మందు దాని దాకా పోదు.

ఆగస్టు

వానలు బాగా పడ్డాయి. నేల తడిగా ఉండే ఈ రోజుల్లోనే మెటారైజియం వాడాలి. ఇది మట్టిలో బతికే బూజు జాతి. పురుగు చర్మానికి అంటుకుని, లోపలికి చొచ్చుకుపోయి చంపుతుంది. దాడికి లోనైన పురుగు గట్టిపడి, మీద ముందు తెల్లగా, తర్వాత ముదురాకుపచ్చగా బూజు వస్తుంది. రైతు సేవా కేంద్రంలో పనిచేసే ఉద్యాన సహాయకురాలు తెప్పించి ఇచ్చారు. చెట్టుకు అరకిలో వేపపిండితో కలిపి మొదలు చుట్టూ మట్టిలో వేసి కప్పాం. క్లోరిపైరిఫాస్ పూసిన చెట్ల దగ్గర వేయలేదు. పురుగును చంపే మందు పక్కనే బతకాల్సిన బూజును వేయడం రెండింటికీ మంచిది కాదని ఆవిడ గట్టిగా చెప్పారు.

ఒక చెట్టు వేరు దగ్గర ఆకుపచ్చ బూజు పట్టిన పురుగు దొరికింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. దాన్ని తీయకుండా అక్కడే మట్టిలో కప్పేశాను. ఆ బూజు అక్కడే పెరగాలి. అలాగని ఒక్క పురుగును చూసి ఇదే సరిపోతుందని చెప్పను. ఎండాకాలంలో మా ఇసుకనేల అట్టుపెనంలా కాలుతుంది, అప్పుడు దాని మీద ఆశ పెట్టుకోలేం.

నెలకోసారి పసుపు చుక్కల చెట్లన్నిటినీ మళ్లీ చూస్తున్నాం. జూన్‌లో బాగుచేసిన చెట్లలో చాలావాటికి గాయం అంచుల్లో కొత్త బెరడు వరసలా ఉబ్బుతోంది. కొన్నిట్లో మళ్లీ తడి పొట్టు. అంటే ఇంకో పురుగు మిగిలింది, లేదా కొత్తది పట్టింది. మళ్లీ ఉలి.

సెప్టెంబరు: ఎర్ర చుక్కలు

ఇది మనసుకు కష్టమైన పని. ఎర్ర చుక్క పడిన చెట్లలో నాన్న నాటినవి ఉన్నాయి. వాటిలో కొన్ని కిందటి వేసవిలో కూడా కాశాయి. "కొమ్మ మీద ఇంకా ఆకుందిరా, ఇంకో కాపు చూసి కొట్టేద్దాం" అని అమ్మ అంది. ఆ ఇంకో కాపు కోసం చెట్టును ఉంచితే దాని మొదల్లో ఉన్న పురుగులన్నీ పెరిగి పెద్దవై, రెక్కలొచ్చి, పక్క చెట్ల మీదికి వెళతాయి. ఒక తల్లి పురుగు 60 నుంచి 100 దాకా గుడ్లు పెడుతుంది. పైగా పురుగు పట్టిన చెట్టు నుంచి వచ్చే పిప్పి వాసనకే తల్లి పురుగులు వస్తాయంటారు పరిశోధకులు. మా తోట పటంలో ఎర్ర చుక్కల చుట్టూనే పసుపు చుక్కలు గుంపుగా ఉన్నాయి. అమ్మకు ఆ పటం చూపించాను. ఆ తర్వాత తనే మనుషుల్ని మాట్లాడింది.

పైన నరికేసి మొద్దును వదిలేస్తే ప్రయోజనం లేదు. పురుగు ఉండేది ఆ మొద్దులోనే, వేరులోనే. గునపాలతో తవ్వి తల్లివేరు దాకా తీయించాం. ఒక మొద్దును చీల్చితే వేరు లోపలి చేవలోకి వేలు పట్టేంత సొరంగాలు.

అక్టోబరు, నవంబరు

తుపాను నెలలు. గాలికి ఒరిగిన చెట్ల వేళ్లు పగులుతాయి, బెరడు చీలుతుంది, గుడ్లు పెట్టుకోవడానికి కొత్త పగుళ్లు దొరుకుతాయి. గాలీవానా వచ్చిపోయిన ప్రతిసారీ ఒరిగినవాటిని ముందు చూస్తున్నాం. మిగతా పని మామూలే. ఉలి, బ్రష్, నోటుబుక్కు.

డిసెంబరు: డ్రమ్ము

పక్క తోట మావయ్య ఎండిన జీడిచెట్లు కొట్టించి దుంగల్ని కట్టెల కోసం ఇంటి వెనక పేర్చారు. ఆ ఇంటికీ మా తోటకీ మధ్య ఒక గట్టే అడ్డం. మా తోటలో ఎంత చేసినా ఆ దుంగలు అక్కడ ఉన్నంతకాలం పని పూర్తయినట్టు కాదు. వెళ్లి అడిగాను.

"ఎండిపోయిన కట్టెలో పురుగేం బతుకుతుంది బాబూ, నీదంతా టెన్షన్" అన్నారు.

"మావయ్యా, ఒక్క దుంగ చీల్చి చూద్దాం రండి. ఏమీ లేకపోతే మళ్లీ ఈ మాట ఎత్తను" అన్నాను.

మొదలు వైపు దుంగ గొడ్డలితో చీల్చాం. చేవ లోపల కోడిగుడ్డు పెంకు లాంటి గట్టి, తెల్లటి గూడు. సున్నంతో కట్టినట్టుంటుంది. ఎదిగిన పురుగు చేవలోకి దూరి తన చుట్టూ ఈ పెంకు కట్టుకుని, అందులో ప్యూపాగా, అంటే రెక్కల పురుగు అయ్యే ముందు దశలోకి, మారుతుంది. గోటితో నొక్కితే పగల్లేదు, కత్తి మొనతో గీస్తే పెళుసుగా విరిగింది. లోపల ప్యూపా. లేత పసుపు తెలుపు రంగు, కాళ్లూ మీసాలూ ఒంటికి మడిచి అంటించినట్టు, ముట్టుకుంటే కొద్దిగా కదిలింది. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకో దుంగ ఆయనే తెచ్చి చీల్చారు.

చీల్చకుండా ఒక దుంగను పాత డ్రమ్ములో పెట్టి, మూతికి ఇనుప వల బిగించి, ఆయన అరుగు మీదే నీడలో ఉంచాం. ఎప్పుడు బయటకొస్తాయో అందరం చూడాలి.

జనవరి: భోగి

ఆ గూళ్లలోంచి రెక్కలొచ్చిన పెంకుపురుగులు బయటికి రావడం ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా. భోగి పండుగ దానికి సరిగ్గా ముందు వస్తుంది. మన పెద్దవాళ్లు ఇది ఆలోచించి పెట్టారని నేను చెప్పడం లేదు, కానీ మనకు చక్కగా కలిసొచ్చింది. ఈసారి భోగి మంటలోకి పాత తలుపులకు బదులు జీడి మొద్దులు వేద్దామని రచ్చబండ దగ్గర మాట్లాడాను. మావయ్య ముందు నిలబడి ఆ తెల్ల గూడు అందరికీ చూపించారు. నేను గంట చెప్పినా రాని ఫలితం దాంతో వచ్చింది. మా వీధిలోనే కాదు, పక్క వీధి మంటలోకి కూడా ట్రాక్టరు మీద మొద్దులు వచ్చాయి. తడిగా ఉన్న వేరు మొద్దులు సరిగా కాలలేదు. వాటిని తర్వాత చీల్చి, ఎండబెట్టి, కాల్చాల్సి వచ్చింది.

పూత బాగా ఉంది. పూత మీద ఉన్నప్పుడు తోటలో మందు వాడటం మానేశాం. తేనెటీగలూ ఈగలూ తిరిగే సమయం.

ఫిబ్రవరి, మార్చి

ఫిబ్రవరి రెండో వారంలో మావయ్య ఫోను. "డ్రమ్ములో కదులుతున్నాయి బాబూ, తొందరగా రా."

ఎర్రటి గోధుమరంగు పెంకుపురుగులు. తలా మెడా నల్లగా ఉన్నాయి. ఒళ్లు 3, 4 సెంటీమీటర్లు ఉంటుంది, మీసాలు మాత్రం పొడుగు. మగదానికి ఒంటికంటే పొడుగు. పగటిపూట తోటలో దీన్ని చూసినవాళ్లు మా ఊళ్లో చాలా తక్కువ, కాబట్టి ఇంతకాలం దీనికి పేరే లేదు. మగదాన్నీ ఆడదాన్నీ ఒక గాజుసీసాలో జీడి బెరడు ముక్కతో పెట్టాం. ఆడది బెరడు పగుళ్లలో తోక వైపు దూర్చి గుడ్లు పెట్టింది. విరిగిన నూక గింజల్లా, మురికి తెలుపు. నాలుగు నుంచి ఆరు రోజుల్లో పొదుగుతాయి. పిల్ల వెంటనే బెరడులోకి దూరుతుంది, ఆరేడు నెలలు తింటుంది, తర్వాత పెంకు గూడు, రెండు నెలల ప్యూపా దశ. అంటే ఏడాదికి ఒక తరం. ఈ లెక్క తెలిస్తే పని క్యాలెండరు దానంతటదే వస్తుంది. ఎండాకాలంలో గుడ్లు పెట్టనివ్వకుండా మొదలుకు వేపనూనె పూయడం, వానాకాలంలో పొట్టు చూసి పురుగు తీయడం, చలికాలంలో మొద్దులు కాల్చడం. గుడ్లు కొన్ని ఏడాది పొడుగునా పడుతూనే ఉంటాయి కాబట్టి నెలవారీ చూపు మాత్రం మానకూడదు. సీసాలోవన్నీ, డ్రమ్ములోవన్నీ అక్కడే చంపేశాం.

ఫిబ్రవరిలోనే అన్ని చెట్లకూ మీటరు ఎత్తు వేపనూనె మరోసారి పూశాం. పిక్కలు రాలిన చోటే ఏరుకుంటాం, అందుకని మార్చి నుంచి మొదలు దగ్గర రసాయనం ఏదీ పడనివ్వలేదు. పొట్టు కనపడితే ఉలీ చువ్వా మాత్రమే.

ఏప్రిల్

ఏరుడు సాగుతోంది. ఏరడానికి వచ్చే ఆడవాళ్లకు పొట్టు ఎలా ఉంటుందో చూపించాం. రోజూ ప్రతి చెట్టు కిందా వంగేది వాళ్లే, వాళ్ల కంటే బాగా ఎవరు చూస్తారు? పొట్టు చూసినవాళ్లు ఆ కొమ్మకు ఎర్రగుడ్డ కడుతున్నారు, సాయంత్రం నేను వెళ్లి ఆ చెట్టు మొదలు విప్పి చూస్తున్నాను. నిన్న వాళ్లు గుడ్డ కట్టిన చెట్టులో రంధ్రం అగ్గిపుల్ల తలంత ఉంది. బెరడు కొంచెం గీకగానే అగ్గిపుల్లలో సగం కూడా లేని పిల్లపురుగు దొరికింది. గాయం నా బొటనవేలి గోరంత. ఈ దశలో దొరికితే చెట్టుకు నష్టమే లేదు.

ఇప్పటి పరిస్థితి రాస్తాను. జూన్‌లో పసుపు చుక్క ఉన్న చెట్లలో ఎక్కువ భాగం నిలబడ్డాయి, కాపు కూడా వచ్చింది. కొన్ని ఎర్ర చుక్కకు మారాయి, అవి ఏరుడు అయ్యాక తీసేస్తాం. కొత్తగా పసుపు పడినవి గట్టు అవతల, ఎవరూ చూడని ఒక తోట వైపే ఎక్కువ. ఆ తోట యజమాని హైదరాబాదులో ఉంటారు. ఫోనులో మాట్లాడాను, కౌలుకు చేసే అతనితో కలిసి మొద్దులు తవ్వించడానికి ఒప్పుకున్నారు, కూలి ఖర్చు సగం మేం భరిస్తాం.

చెట్లు తీసిన గుంతలు ఎండకు వదిలేశాం. వానలు పడ్డాక అక్కడ బాపట్ల రకం బీపీపీ-8 అంట్లు నాటాలి. వాటికి మొదటి నుంచే మీటరు ఎత్తు దాకా కొమ్మలు రాకుండా కత్తిరించి, మొదలు కనపడేలా పెంచుతాం. మే ఆఖరుకు సరుకు జాబితా: సన్న ఉలి ఇంకొకటి, వేపనూనె, వేపపిండి, తెలుపు, పసుపు, ఎరుపు రంగు డబ్బాలు, కొత్త నోటుబుక్కు. మెటారైజియం కావాలని ఉద్యాన సహాయకురాలికి ఇప్పుడే చెప్పి ఉంచాను, ఈసారి మావయ్య తోటకు కూడా కలిపి.